పచ్చగా ఉంది

వంటింట్లో అక్క, తమ్ముడు. పక్కగదిలో మంచం మీద అక్క అత్తగారు. పవర్ ప్లాంటు క్వార్టర్స్‌, మధ్యాహ్నం.

"అది కాదురా, ఆ చిన్న పానా తీసుకో. పెద్దదాంతో తిప్పితే కుళాయి మొత్తం ఊడొస్తుంది."

"ఇదే పడుతుందక్కా."

"పడదు. మీ బావ ఎప్పుడూ చిన్నదాంతోనే తిప్పేవాడు."

"బావ తిప్పి ఉంటే ఇన్నాళ్లు ఎందుకు కారుతుంది?"

"ఆదివారం చూస్తానన్నాడు. ఆదివారం రాకముందే..."

"సరే సరే, చిన్నదే ఇవ్వు."

"ఇదిగో. రేపు ఏం చెప్తావు?"

"ముందు నీళ్లు కట్టెయ్యక్కా. మెయిన్ ఎక్కడుంది?"

"బయట గోడకి. ఎప్పుడో కట్టేశా. రేపు ఎంక్వైరీలో ఏం చెప్తావు అంటున్నా."

"అడిగినదానికి చెప్తా."

"ఏం అడుగుతారు?"

"ఏదో అడుగుతారు. నువ్వెక్కడ కూర్చున్నావు, ఏం చూశావు..."

"మీ బావ ఆ పొగగొట్టం ఎందుకెక్కాడని అడుగుతారు."

"అడగొచ్చు."

"అడగొచ్చు ఏంటి, అదే అడుగుతారు. కంట్రోల్ రూములో ఆ పొగ అంకె ముందు కూర్చునేవాడివి నువ్వే కదా. అందుకే పిలిచారు నిన్ను. లేకపోతే నీ మొహం చూడ్డానికి పిలిచారా?"

"ఎవరే అమ్మాయ్, వచ్చింది?"

"తమ్ముడు అత్తయ్యా! కుళాయి బాగుచేస్తున్నాడు."

"టీ ఇచ్చావా?"

"ఇస్తాను."

"రేపు చెప్పమను. నా కొడుకు ఊరికే పైకెక్కేవాడు కాదని చెప్పమను."

"చెప్తాడు అత్తయ్యా. మీరు పడుకోండి... విన్నావుగా?"

"విన్నాను."

"లేచింది మొదలు అదే మాట. మొన్న కింద మెట్ల దగ్గర కాసేపు కూర్చోబెడితే ఎవరో వచ్చి అన్నారట ఆవిడతో. మీ అబ్బాయి మీటరుకి నీళ్లు కలుపుతూ పోయాడటగా అని. పైకొచ్చి నన్నడిగింది. మీటరుకి నీళ్లు కలపడమేంటే, వాడేమన్నా పాలవాడా అని."

"ఎవరన్నారు?"

"ఎవరైతే ఏం? క్వార్టర్స్ మొత్తం అంటోంది. ఎదురుగా అయ్యో పాపం, పక్కకి తిరిగి ముసిముసి నవ్వులు. స్కూల్లో పాపని కూడా అన్నారట, నీళ్లు కలిపేవాడి కూతురు అని. అది ఇంటికొచ్చి బాటిల్ పక్కన పడేసింది. నాన్న నీళ్లు ఎక్కడ కలిపాడమ్మా అంటే ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పావు?"

"పాపకేం చెప్పలేదు. అత్తయ్యకి చెప్పా, మీ బావ అన్నం తింటూ చెప్పినట్టే చెప్పా. గొట్టం మీద ఒక మిషను ఉంటుంది అత్తయ్యా, పొగలో విషం ఎంతుందో చూసి కిందికి అంకె పంపిస్తుంది. దాని పక్కన శుభ్రమైన గాలి సిలిండరు ఉంటుంది, మిషను సరిగ్గా చూస్తోందో లేదో పరీక్ష పెట్టడానికి. ఆ గాలి కొంచెం వదిలి పొగలో కలిపితే మిషను మోసపోయి తక్కువ చూపిస్తుంది. దాన్నే వీళ్లు నీళ్లు కలపడం అంటారు అని."

"ఏమంది?"

"అయితే మోసమేనా అంది."

"మోసమంటే..."

"నువ్వు చెప్పు. మోసమేనా?"

"మోసమే అక్కా."

"ఎవరిది?"

"ఆ గుడ్డ ఇటియ్యి, చెయ్యి జారుతోంది."

"ఇదిగో గుడ్డ. ఎవరిది మోసం?"

"ఇదంతా ఆ కొత్త రూలుతో వచ్చిందక్కా."

"రూలు మీద పడకు. విషం తక్కువ వదలండి అన్నారు, అందులో తప్పేముంది? ఈ కిటికీ పట్టె చూడు. పొద్దున్నే తుడిచా. వేలు పెట్టి చూడు."

"కనిపిస్తోందిలే."

"పెట్టి చూడమంటున్నా... చూశావా? పెళ్లయి ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచి తుడుస్తూనే ఉన్నా. మీ బావ పోయిన మర్నాడు కూడా తుడిచా. అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు, నేను లేచి వచ్చి ఇది తుడిచా. ఎందుకు తుడిచానో నాకే తెలియదు."

"రూలు తప్పని నేనన్లేదక్కా. పొగని కడిగే టవర్ కట్టకుండా కడిగిన పొగ వదలమంటే ఎలా? సగం కట్టి కంట్రాక్టరు చెక్కేశాడు. ఇనుప దూలాలు నిలబడి ఉన్నాయి, పావురాలు కాపురం పెట్టాయి వాటిమీద. టవర్ వచ్చేదాకా ఆగండి బాబూ అంటే పొల్యూషన్ బోర్డువాళ్లు ఆగారు, మళ్లీ ఆగారు, ఇక మావల్ల కాదన్నారు. పోనీ తక్కువ కరెంటు తీసి తక్కువ పొగ వదులుదామా అంటే ఊళ్లలో కరెంటు చాలట్లేదు, తగ్గించడానికి వీల్లేదని పైనుంచి ఫోన్లు. బొగ్గు చూస్తే తడి బొగ్గు, సగం మట్టే. దాన్నే కాల్చాలి, ఎక్కువే కాల్చాలి, అంకె మాత్రం హద్దు దాటకుండా పచ్చగా ఉండాలి. ఎక్కణ్ణించి వస్తుందక్కా పచ్చగా?"

"మీ బావ చేతిలోంచి వస్తుంది. ఇంట్లో ఉన్నా అదే గోల కదా. అన్నం దగ్గర కూర్చోగానే ఫోను. పచ్చగా ఉందా, పచ్చగా ఉందా అని. ఎర్రబడకుండా చూడు, పచ్చగా ఉంచు అని. నేను నవ్వేదాన్ని. మా పెళ్లిలో పెద్దాళ్లు కూడా ఇదే అన్నారు, నాలుగు కాలాలు పచ్చగా ఉండండి అని, ఆ పచ్చ ఈ పచ్చేనా అని. మీ బావ నవ్వేవాడు కాదు."

"షిఫ్ట్ సార్‌కి మాత్రం ఆ ఫోన్లు చెయ్యడం ఏం సరదా అక్కా? ఆయన మీద ఆయన పైవాళ్లు..."

"అబ్బో. బాగా వెనకేసుకొస్తున్నావే షిఫ్ట్ సార్‌ని."

"వెనకేసుకురావడం కాదు."

"మరేంటి? నిన్న మీ ఇంటికొచ్చాడటగా?"

"ఎవరు చెప్పారు?"

"మరదలు."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"నానకపోబట్టే నాకు తెలిసింది. నువ్వైతే చెప్పేవాడివా? ఎందుకొచ్చాడు?"

"పలకరించడానికి."

"పోయింది నా మొగుడు. పలకరింపులు నీకా?"

"ఇక్కడికి కూడా వస్తారులే."

"రాడు. వచ్చిన రోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, నావైపు చూడలేదు, గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు నమలకుండా చెప్పు, ఏమన్నాడు నీతో?"

"ఎంక్వైరీలో ఎక్కువ మాట్లాడొద్దన్నారు."

"ఎక్కువంటే?"

"అంటే... బావ పైకెళ్లింది మామూలు చెకింగ్‌కి. అక్కడ గాలి కలిపితే అది బావ సొంత తెలివి. మాకెవరికీ తెలియదు. అలా చెప్తే రేపటితో ఫైలు మూసేస్తారు, అందరం ఊపిరి పీల్చుకోవచ్చు అన్నారు."

"అందరం ఊపిరి పీల్చుకోవచ్చు అన్నాడా?"

"అన్నారు."

"మీ బావ తప్ప."

"అక్కా..."

"అలా చెప్పకపోతే?"

"తవ్వుతారట."

"ఏం తవ్వుతారు?"

"అన్నీ. ఎవరు ఎవరికి ఏం చెప్పారు, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారు... కంప్యూటర్లో అంతా ఉంటుంది కదా."

"తవ్వనీ. తవ్వితే నీకేంటి? కుర్చీలో కూర్చుని అంకె చూసేవాడివి. నిన్నేం చేస్తారు?"

"ఏం చెయ్యరు."

"మరెందుకు భయం?"

"భయమని ఎవరన్నారు?"

"తేలు కుట్టిన దొంగలా ఉంది నీ మొహం."

"సింకు కింద దూరి ఉన్నా. నా మొహం ఎలా కనిపించింది నీకు?"

"మెడ చాలురా. చిన్నప్పట్నుంచి చూస్తున్నా ఆ మెడని. అబద్ధం చెప్పేటప్పుడు లోపలికి పోతుంది."

"వాషరు అరిగిపోయిందక్కా. కొత్తది ఉందా?"

"ఆ డబ్బాలో చూడు. మీ బావ తెచ్చిపెట్టాడు. తెచ్చాడు, వెయ్యలేదు. ఒక్కటి చెప్పు నాకు. తనంతట తను వెళ్లాడా పైకి?"

"లేదు."

"షిఫ్ట్ సార్ వెళ్లమన్నాడా?"

"వెళ్లమన్నారు."

"ఏమని?"

"అంకె ఎర్రబడేలా ఉంది, వెళ్లి కాస్త నీళ్లు కలుపు అని."

"నీ ముందే?"

"అందరి ముందే."

"మీ బావ ఏమన్నాడు?"

"లిఫ్టు పనిచేయట్లేదు సార్ అన్నాడు."

"అంతేనా?"

"ఒంట్లో బాగోలేదు, నా జతగాడు పొడుగాయన డ్యూటీకొచ్చాక ఆయన్ని పంపండి అన్నాడు."

"బాగోలేదన్నాడా?"

"ఛాతీ పట్టేసినట్టుంది, గ్యాసేమో అన్నాడు."

"పొద్దున నాతో అనలేదు. డబ్బా సగమే తిన్నాడు ఆ రోజు. మీవాళ్లు తెచ్చిచ్చారుగా హెల్మెట్టూ డబ్బా. మూత తీసి చూశా. వంట బాగోలేదేమో అనుకున్నానురా. ఇన్ని రోజులూ అదే అనుకుంటున్నా. ఉప్పెక్కువైందేమో అని. మనిషి పోయాడని కాదు, ఉప్పెక్కువైందేమో అని. ఆ డబ్బా ఇంకా కడగలేదు. సార్ ఏమన్నాడు?"

"పొగిడారు. పొడుగాయనకి ఆ సిలిండరు వాల్వు తిప్పడం చేతకాదయ్యా, ఓసారి అంకె మొత్తం సున్నా చేసి పెట్టాడు, బోర్డు వాళ్లకి అనుమానం వచ్చింది. నీ చెయ్యి పడితే అంకె ఉన్నచోట ఉంటుంది అన్నారు."

"ఆ మాటకి ఎక్కేసుంటాడు."

"నవ్వి ఎక్కాడు."

"పొగిడితే చాలు మీ బావకి. నాకు తెలుసు."

"అమ్మాయ్! పాప వచ్చిందా?"

"ఇంకా టైముంది అత్తయ్యా!"

"ఆ చప్పుడేంటి?"

"కుళాయి అత్తయ్యా, కుళాయి! ... వినబడదు, కానీ చప్పుళ్లన్నీ కావాలి. ఇప్పుడు నువ్వు నాతో చెప్పావే, ఈ ముక్క రేపు చెప్తే చాలు. సార్ వెళ్లమన్నాడు, ఒంట్లో బాగోలేదన్నా వెళ్లమన్నాడు. అంతే. ఇంకేం వద్దు నాకు. నాకు ఉద్యోగమిస్తామంటున్నారు, ఇవ్వకపోతే మానె. మీ బావ దొంగ కాదని పదిమందిలో ఒక్కడు చెప్పాలి. చెప్తావా?"

"చూస్తానక్కా."

"చూడ్డమేంటి?"

"చూస్తానంటే చెప్తానని."

"అయితే చెప్తానను. ఆ ఉద్యోగం నీకు పెట్టించింది ఎవరు? నలుగురి కాళ్లూ పట్టుకుని వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టండి సార్ అన్నదెవరు?"

"నేను మర్చిపోలేదు."

"మర్చిపోయావని కాదు. సరే, ఇంకో సంగతి. మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏది?"

"మీ బావ పడిపోయాడని."

"ఆ రోజే చెప్పాగా."

"ఆ రోజు నువ్వు చెప్పిందేదీ నా బుర్రకెక్కలేదు. నీ పెదాలు ఆడటం చూశా, అంతే. మళ్లీ చెప్పు."

"ఏముంది చెప్పడానికి? బావ పైకెక్కాడు. కాసేపటికి అంకె తగ్గింది. అందరం టీ తాగాం. బావ దిగలేదు. దిగడు కూడా. వాల్వు పక్కనే కూర్చుని చేత్తో సర్దుతూ ఉండాలి, లేకపోతే అంకె ఎటో పోతుంది. ఒక్కోసారి పూటంతా కూర్చునేవాడు. అందుకని ఎవరూ ఏం అనుకోలేదు."

"తర్వాత?"

"తర్వాత సిలిండరు అయిపోయింది. అంకె ఎర్రబడింది. పిలిచాం, పలకలేదు. వెంటనే పొడుగాయన్ని పైకి పంపాం. అప్పటికే..."

"వెంటనే?"

"వెంటనే."

"దేంతో పిలిచారు?"

"అంటే?"

"పలకలేదన్నావుగా. దేంతో పిలిచారు? ఫోనా?"

"ఫోన్లు పైకి తీసుకెళ్లనివ్వరు. జారి ఎవరి నెత్తినో పడతాయని."

"వాకీటాకీయా?"

"ఒకటే ఉంది పనిచేసేది. అది ఛార్జింగ్‌లో ఉంది."

"మరి?"

"మైకు. కింద మైకులో పిలిచాం."

"మెడ లోపలికి పోయిందిరా."

"అక్కా, ఈ వాషరు చిన్నదైంది. బజారుకెళ్లి వేరేది..."

"కూర్చో. పొడుగాయన భార్య వచ్చింది నిన్న. అదుగో ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే, నేనే లేచి తువ్వాలు ఇచ్చా ముక్కు తుడుచుకోమని. నాకు రాదే ఏడుపు! రాతిముద్దలా కూర్చుని చూశా. అందరూ నన్నే చూస్తున్నారు ఏడుస్తుందా లేదా అని, నాకేమో ఆవిడ చీర అంచు ఊడిపోయింది కుట్టించుకోలేదేంటా అనిపిస్తోంది."

"వచ్చినప్పుడే వస్తుందిలే అక్కా. బలవంతమేముంది."

"పొడుగాయన్ని ఎవరూ పంపలేదట. షిఫ్టు మారడానికి వచ్చాడట. నా జతగాడు ఏడీ అంటే పైనే ఉన్నాడన్నారట. ఇంకా పైనేనా, తిండీ తిప్పలూ లేకుండానా అని తనే ఎక్కాడట. అప్పుడు టీవీలో ఆటేదో చూస్తున్నారట మీరంతా."

"కంగారులో ఆయనకేం గుర్తుంటుంది? ఆ మనిషి మామూలప్పుడే..."

"సిలిండరు నిండుగా ఉందట."

"ఏంటి?"

"నిండుగా ఉందట. నువ్వు అయిపోయిందన్నావు. అయిపోలేదట. వాల్వు కట్టేసి ఉందట, గట్టిగా. మీ బావ దాన్నానుకుని కూర్చుని ఉన్నాడట, చెయ్యి దానిమీదే ఉందట. తియ్యడానికి కష్టమైందట ఆ చెయ్యి."

"అయిపోయిందేమో అనుకున్నామక్కా. కిందనుంచి మాకేం తెలుస్తుంది?"

"అదేలే. అది కాదు నేనడిగేది. వాల్వు కట్టేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది... మంచి గాలి ఆగిపోతుంది."

"అప్పుడు?"

"అసలు పొగే వస్తుంది మిషన్లోకి."

"అంకె?"

"పెరుగుతుంది."

"ఎర్రబడుతుందా?"

"ఎర్రబడుతుంది."

"మీ బావకి తెలుసు కదా ఆ సంగతి?"

"బావకి తెలియకపోవడమేంటి?"

"అదే రా. ఆవిడ చెప్పి వెళ్లినప్పట్నుంచి అదే తిరుగుతోంది నా బుర్రలో. గుండె పట్టేసింది. లేవలేడు, నిచ్చెన దిగలేడు. ఫోను లేదు, వాకీటాకీ లేదు. అరిచినా ఆ మోతలో వినబడదు. చేతికి అందేది ఆ వాల్వొక్కటే. ఏం చేస్తాడు? మనిషి కనబడకపోతే మీరెవరూ తలెత్తి చూడరు, అంకె ఎర్రబడితే మాత్రం చచ్చినట్టు పరిగెత్తుకొస్తారని తెలుసు. మిమ్మల్ని పిలిచాడురా. ఆ అంకెతో పిలిచాడు. వింటున్నావా?"

"వింటున్నా."

"ఇది కూడా చెప్పు రేపు. నీళ్లు కలిపి పోయినవాడు కాదు మీ బావ, ఉన్న నీళ్లు కట్టేసి పోయినవాడు. ఇది తెలిస్తే అత్తయ్యకి చాలు. పాపకి కూడా పెద్దయ్యాక చెప్పుకోవచ్చు. మీ నాన్న చివర్న నిజం అంకె చూపించాడే, అబద్ధం మీద చెయ్యి వేసి పోలేదు అని. నాకు నిన్నట్నుంచి అదొక్కటే కాస్త... ఏదో పట్టుకోవడానికి దొరికినట్టుంది."

"అక్కా, ఈ వాషరే ఎలాగో సర్ది వేశా, నీళ్లు తిప్పి చూడు. ఆగిందేమో."

"ఆగుతుందిలే. డాక్టరు ఏమన్నాడో తెలుసా నాతో? ఇంకాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్లమమ్మా అన్నాడు. తిట్టినట్టు కూడా కాదు, బస్సు ఇప్పుడే వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. ఆ అంకె ఎర్రబడినప్పుడు కూడా బతికే ఉన్నాడు కదరా. బతికుండబట్టేగా కట్టాడు."

"అవును."

"మరి ఎర్రబడటం ఎవరూ చూడలేదా? ఎర్రబడిందా లేదా?"

"ఎర్రబడింది."

"ఎవరు చూశారు?"

"నేనే."

"నువ్వా?"

"నా కుర్చీ అదేగా."

"మరి?"

"ఎర్రబడితే ఆ అంకె బోర్డు ఆఫీసుకి వెళ్లిపోతుందక్కా. వాళ్ల స్క్రీన్ మీద కూడా ఎర్రబడుతుంది. మర్నాడు నోటీసు. ఇంకోసారైతే యూనిట్ మూసేస్తామని రాశారు అంతకు ముందే. మూసేస్తే మనందరం..."

"అది నాకు తెలుసు. నువ్వేం చేశావు?"

"ఒక బటన్ ఉంటుంది. మిషనుకి పరీక్ష పెట్టేటప్పుడు నొక్కాలి. నొక్కితే ఆ ముందున్న అంకె అలాగే నిలబడిపోతుంది. కొత్తది ఏదొచ్చినా చూపించదు. ఎప్పుడు ఎర్రబడినా ముందది నొక్కు, సంగతి తర్వాత చూద్దాం అని సార్ ఎప్పుడో చెప్పారు. అందరికీ చెప్పారు."

"నొక్కావా?"

"బావ సిలిండరు మారుస్తున్నాడేమో అనుకున్నా. మార్చేటప్పుడు కూడా అలాగే అవుతుంది. నిజంగా అలాగే అనుకున్నా అక్కా."

"నొక్కావా అని అడుగుతున్నా."

"నొక్కాను."

"తర్వాత?"

"పచ్చగా ఉంది."

"ఎంతసేపు?"

"పొడుగాయన వచ్చేదాకా."

"..."

"అక్కా, ఏదైనా అను. కొట్టు పోనీ."

"మైకులో పిలవలేదన్నమాట."

"లేదు."

"ఆట చూస్తున్నారు."

"వాళ్లు చూస్తున్నారు. నేను అంకె చూస్తున్నా. కదలట్లేదు కదా, హాయిగా ఉంది. ఈ పూట గండం గడిచిందనుకున్నా."

"అమ్మాయ్! ఏమంటున్నాడే? అమ్మాయ్!"

"వస్తున్నా అత్తయ్యా!... చేతులు కడుక్కో. మసి అయ్యాయి."

"నీళ్లు కట్టేసి ఉన్నాయక్కా."

"బకెట్లో ఉన్నాయి. కడుక్కో. ఎవరికి చెప్పావు ఇది?"

"ఎవరికీ చెప్పలేదు."

"మరదలికి?"

"లేదు. అన్నం తినట్లేదేంటని అడుగుతోంది. బావ పోయాడు కదా అంటున్నా."

"సార్‌కి తెలుసా?"

"తెలుసు. కంప్యూటర్లో చూసుకున్నారు. నొక్కినవాడి పేరు కూడా పడుతుంది దాంట్లో. అందుకే వచ్చారు నిన్న. అరవలేదు, బెదిరించలేదు. మంచినీళ్లు అడిగి తాగి, నీకూ చిన్నపిల్లలున్నారు చూసుకో అని వెళ్లారు."

"తవ్వితే దొరికేది అదే."

"అదే."

"దొరికితే నిన్నేం చేస్తారు?"

"తీసుకెళ్తారనుకుంటా. ఎన్నాళ్లో తెలియదు. సార్ వెళ్లమన్నారని నేనంటే, నొక్కింది నువ్వేగా అని సార్ అంటారు. మనిషి పోయాడు కదక్కా. ఎవరో ఒకరు కావాలి వాళ్లకి."

"మ్."

"నేను చెప్పేస్తానక్కా. నువ్వు ఊ అను, రేపు మొత్తం చెప్పేస్తా. సార్ వెళ్లమన్నది, బావ వాల్వు కట్టింది, నేను నొక్కింది, అన్నీ. బావ పేరు నిలబడుతుంది. అసలు అందుకే వచ్చా ఇవాళ. కుళాయి కోసం కాదు."

"తెలుసు. కుళాయికి వచ్చేవాడివైతే వాషరు తెచ్చుకునేవాడివి."

"ఊ అను అక్కా."

"అమ్మ పోయినప్పుడు నీకు నడక కూడా సరిగా రాలేదు. నా గౌను పట్టుకుని తిరిగేవాడివి. స్కూలుకి కూడా తీసుకెళ్లేదాన్ని నిన్ను, వెనక బెంచీ మీద పడుకోబెట్టి."

"ఇప్పుడెందుకక్కా అదంతా?"

"ఏమో. గుర్తొచ్చింది. నీ చిన్నదానికి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది."

"అమ్మాయ్, పిలుస్తుంటే పలకవేంటే? ఏం చెప్తాడట రేపు? నా కొడుకు సంగతి చెప్తాడటా?"

"చెప్తాడు అత్తయ్యా! ఉన్నదున్నట్టు చెప్తాడట!"

"చల్లగా ఉండమను."

"విన్నాడు అత్తయ్యా... ఒరేయ్, ఇటు చూడు. నావైపు చూడు."

"చూస్తున్నా."

"రేపు ఎవరేం అడిగినా రెండు ముక్కలే. ఎక్కువ మాట్లాడకు."

"ఏమని చెప్పను అక్కా?"

"మీ బావే చేశాడని చెప్పు. తనంతట తనే చేశాడు, మీకెవరికీ తెలియదని చెప్పు."